చదివి వినిపించిన నాటకం

సభకు నమస్కారం.

ఇంకాసేపట్లో మన నటీనటులు ఒక కొత్త నాటకాన్ని ప్రతులు చేతపట్టుకుని చదవబోతున్నారు. ఆ లోపల, కొత్తగా రాస్తున్న నాటకకర్త జీవితంలో పఠనాలు, పురస్కారాలు, విశ్వవిద్యాలయ చదువు ఎలా కలిసి పనిచేస్తాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఈ మూడింటినీ ఒక పద్ధతిగా అమర్చుకున్న దేశం అమెరికా గనుక ఎక్కువగా అక్కడి సంగతులే చెబుతాను. నా అభిప్రాయం ముందే మనవి చేస్తాను: బహుమతి గాని, పట్టా గాని నాటకకర్తకు ఎంత మేలు చేసిందని అడిగితే, తన మాటలను నటుల నోట విని తిరగరాసుకునే వ్యవధి అది ఎంత ఇచ్చిందో అంతే మేలు చేసిందని నేను నమ్ముతాను.

నాటక రచనను తరగతి గదిలోకి తెచ్చినవారిలో హార్వర్డ్ ఆచార్యుడు జార్జ్ పియర్స్ బేకర్ ముఖ్యుడు. ఆయన తరగతి పేరు ఇంగ్లీష్ 47. దానికి తోడుగా విద్యార్థుల నాటకాలను ఆడించి చూసే వర్క్‌షాప్‌కూ ఆ అంకె పేరే నిలిచింది. అక్కడికి వచ్చిన ప్రేక్షకులు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళిపోవడానికి వీలు లేదు; తమకు ఏమనిపించిందో కాగితం మీద రాసి ఇవ్వాలి, బేకర్ ఆ రాతలను రచయితకు అందజేసేవారు. తరువాత అమెరికా నాటకకర్తల్లో అగ్రగణ్యుడైన యూజీన్ ఓనీల్ 1914-15లో ఆ తరగతిలో చదువుకున్నాడు. నాటక రచనకు డిగ్రీ ఇవ్వడానికి హార్వర్డ్ సమ్మతించకపోవడంతో బేకర్ 1925లో యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. మూడేళ్ళ ఎం.ఎఫ్.ఎ., అంటే కళల్లో మాస్టర్స్ పట్టా, చదువుగా నేడు మనం వింటున్న పద్ధతికి వేళ్ళు అక్కడున్నాయి.

అయితే ఆ చదువు లేకుండానే పఠనాల నుంచి పురస్కారాల దాకా ఆ మార్గం మొత్తం నడిచినవాడు నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్. 1945లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, అక్కడి హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతివారి పేటలో పెరిగిన ఆయన పదిహేనేళ్ళకే బడి మానేసి, ఊళ్ళోని కార్నెగీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నాడు. ముప్పై దాటాక మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళి, ఒక సేవాసంస్థలో వంటవాడిగా పనిచేశాడు. తన వాళ్ళ మాటతీరు విలువ ఆయనకు పుట్టిన పేటకు దూరమయ్యాకనే పూర్తిగా తెలిసివచ్చింది. ఉత్తరాంధ్ర నుంచో పాలమూరు నుంచో పట్నం వచ్చి, ఇంటి యాసను ఇన్నాళ్ళకు చెవులారా విన్నట్టు అనిపించిన రచయితలకు ఈ సంగతి వివరించనక్కరలేదు. 1980లో ఆ రాష్ట్రంలోని మిన్నియాపోలిస్‌లో ఉన్న ప్లేరైట్స్ సెంటర్ అనే నాటకకర్తల సంస్థ ఆయనకు జెరోమ్ ఫెలోషిప్ ఇచ్చింది. పురస్కారమంటే నాకు గుర్తొచ్చేది ఇదే. చేసిన పనికి శాలువా కప్పి పంపేయకుండా, చేయబోయే పనికి తోడుగా తోటి రచయితలనూ చదివి వినిపించే నటులనూ చూపించిన పురస్కారం అది.

కనెక్టికట్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డునున్న వాటర్‌ఫర్డ్‌లో జార్జ్ వైట్ 1964లో ఓనీల్ పేరిట ఒక నాటక కేంద్రం స్థాపించారు. అక్కడ ప్రతి వేసవిలో కొత్త నాటకాలకు పఠనాలు జరుగుతాయి. భారీ సెట్లు ఉండవు. నటులు నాటకం ప్రతిని చేతిలో పట్టుకునే ఆడతారు. కొద్ది రోజుల రిహార్సల్ తరువాత ప్రేక్షకుల ఎదుట చదువుతారు, రచయిత తిరగరాస్తాడు, మార్చిన పుటలతో మళ్ళీ చదువుతారు. విల్సన్ పంపిన నాటకాలు ఒకటికి రెండుసార్లు అక్కడి నుంచి తిరిగొచ్చాయి. 1982లో ‘మా రైనీస్ బ్లాక్ బాటమ్’ ఎంపికయింది. ఆ పఠనాల సారథి లాయిడ్ రిచర్డ్స్ ఆ రోజుల్లో యేల్ నాటక విద్యాలయానికీ అధిపతి కావడంతో, ఆ నాటకం 1984లో యేల్ రంగస్థలం మీదికి, అదే ఏడాది న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల పేట బ్రాడ్వేకి చేరింది. ‘ది పియానో లెసన్’ను ఓనీల్ కేంద్రంలో చదివింది 1986లో, అది బ్రాడ్వే చేరింది 1990లో. నడుమ నాలుగేళ్ళూ ఊరూరా ఆడుతూ, ముగింపుతో సహా మారుతూ వచ్చింది. ఆ ఏడాదే దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. బహుమతి వార్త మాత్రమే చదివినవారికి ఆ నాలుగేళ్ళు కనిపించవు.

విల్సన్ చివరి నాటకం 2005లో యేల్‌లో మొదలైనప్పుడు ఆయనకు సహాయకుడిగా పనిచేసిన విద్యార్థి టారెల్ ఆల్విన్ మెక్రేనీ. మయామీలోని లిబర్టీ సిటీలో పెరిగిన ఈ యువకుడు, 2003లో తల్లి చనిపోయాక, ఆ దుఃఖంలోనే ఒక నాటకం రాసుకున్నాడు. అది అప్పట్లో రంగస్థలం ఎక్కనేలేదు. ఏళ్ళ తరువాత ‘మూన్‌లైట్’ చిత్రానికి ఆధారమై 2017లో ఆస్కార్ తెచ్చింది. 2007లో యేల్ నుంచి పట్టా అందుకునే నాటికే ఆయన ‘ది బ్రదర్స్ సైజ్’ న్యూయార్క్‌లో ప్రదర్శితమైంది. 2013లో ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్, అంటే ఐదేళ్ళకు 6,25,000 డాలర్లు, వచ్చింది. 2017లో తాను చదివిన నాటక రచన విభాగానికే ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆ యేల్ నాటక విద్యాలయంలో 2021 నుంచి ఎవరూ ఫీజు కట్టనక్కరలేదు; సినీ, సంగీత వ్యాపారి డేవిడ్ గెఫెన్ ఇచ్చిన 15 కోట్ల డాలర్ల విరాళం అందుకు ఆధారం. ఇది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అప్పుచేసి నాటక రచన నేర్చుకున్నవాడు ఆ అప్పు తీర్చడానికి మరేదో పనిలో చేరిపోతే, ఆ చదువు రంగస్థలానికి చేరనట్టే.

మనకు బహుమతుల సంప్రదాయం చిన్నదేమీ కాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలుకొని, పరిషత్తు పోటీలు ఎందరో రచయితలను, నటులను తయారుచేశాయి. ఆ ఋణం నేను మరవను. కాని పరిషత్తుకు నాటకం తయారై వస్తుంది. ఉత్తమ రచన ఎవరిదో న్యాయనిర్ణేతలు ప్రకటించే సమయానికి రచయిత చేతిలో కలం ఉండదు. మన విశ్వవిద్యాలయాలలో రంగస్థల శాఖలు ఉన్నాయి, ఊరూరా నాటక సమాజాలు ఉన్నాయి. లేనిదల్లా రాయడానికీ ఆడడానికీ నడుమ ఉండవలసిన ఆ మెట్టు. తిరగరాయడమూ మనకు తెలియనిది కాదు: 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను గురజాడ 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా మార్చారు. మనం గుండెలకు హత్తుకున్నది ఆ రెండో ప్రతినే. గురజాడ ఒంటరిగా మోసిన ఆ పనిని నేటి యువ రచయితలతో పంచుకోవడానికి ఒక గది, ఎనిమిది కుర్చీలు, ఓపికగా వినే ఇరవై మంది చాలు.

ఇందాక లోపల, ఈనాటి రచయిత్రి తాను ఎక్కడ కూర్చోవాలో తోచక నన్ను అడిగారు. 1916 వేసవిలో ప్రావిన్స్‌టౌన్ అనే అమెరికా సముద్రతీరపు ఊళ్ళో, ఒక ఇంట్లో స్నేహితులు కొందరు ఓనీల్ రాసిన చిన్న నాటకాన్ని పైకి చదివించుకుని విన్నారు. వింటున్నవారిలో ఉన్న రచయిత్రి సూసన్ గ్లాస్పెల్ తరువాత ఆ సంగతి రాశారు. చదువుతున్నంతసేపూ ఓనీల్ ఆ గదిలోకి రాలేక భోజనాల గదిలోనే ఉండిపోయాడట. చదవడం పూర్తయ్యాక మాత్రం వాళ్ళు ఆయనను ఆ భోజనాల గదిలో ఒంటరిగా ఉండనివ్వలేదట.

అమ్మా, మీకు ఎక్కడ బాగుంటే అక్కడే కూర్చోండి. నటులు సిద్ధంగా ఉన్నారు.