ఆకాశం నుంచి లీకుల మీద నిఘా

శ్రోతలందరికీ నమస్కారం.

తుర్క్‌మెనిస్తాన్ పడమటి భాగంలో కోర్పెజే అనే గ్యాస్ క్షేత్రం ఉంది. అక్కడికి దగ్గర్లో ఓ బురద అగ్నిపర్వతం. దాన్నుంచి మీథేన్, అంటే సహజ వాయువులో ఎక్కువగా ఉండి భూమిని వేడెక్కించే వాయువు, ఎంత వస్తోందో చూద్దామని కెనడాకు చెందిన జీహెచ్‌జీశాట్ సంస్థ క్లెయిర్ అనే చిన్న ఉపగ్రహాన్ని అటు గురిపెట్టింది. తీరా చిత్రాలు చూస్తే, గ్యాస్‌ను పైపుల్లోకి తోసే కంప్రెసర్ స్టేషన్ దగ్గర్నుంచి మీథేన్ పొడవాటి తోకలా సాగుతూ కనిపించింది. యూరప్ ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం పాత రికార్డులు తిరగేస్తే, ఆ లీకు నెలల తరబడి సాగుతూనే ఉందని తేలింది. కబురు అందాకే అది ఆగింది. 2019లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

మీథేన్‌కు రంగు లేదు. మరి అంత ఎత్తు నుంచి ఎలా పట్టుకున్నారు? నేలను తాకిన ఎండ తిరిగి పైకి వెళ్తుంది కదా. దారిలో ఒక్కో వాయువు, కంటికి కనిపించని పరారుణ కాంతిలో తనకంటూ కొన్ని తరంగాలను మింగేస్తుంది. ఏ తరంగం ఎంత తగ్గిందో కొలిస్తే, కింద ఏ వాయువు ఎంత ఉందో లెక్క వస్తుంది. ఆ రోజు గాలి వేగం కూడా తెలిస్తే గంటకు ఎన్ని కిలోలు పోతోందో చెప్పొచ్చు. మబ్బులు అడ్డొస్తే మాత్రం ఈ పద్ధతికి చూపు ఆనదు.

కార్బన్ డయాక్సైడ్‌తో పని ఇంకా కష్టం. గాలిలో అది ఇప్పటికే 420 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 420 వంతులు, దాటింది. పెద్ద నగరం మీద కూడా అదనంగా పెరిగేది కొన్ని పీపీఎంలే. అంత చిన్న తేడాను 705 కిలోమీటర్ల ఎత్తు నుంచి పసిగట్టాలి. అందుకోసం నాసా చేసిన మొదటి ఉపగ్రహం 2009లో ప్రయోగంలోనే పోయింది. రాకెట్ ముందుండే రక్షణ కవచం ఊడలేదు. ఏళ్ల శ్రమ నిమిషాల్లో పోయినా వాళ్లు వదల్లేదు. మళ్లీ తయారుచేసి 2014 జులైలో ఓసీఓ-2ను పంపారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

నన్నడిగితే ముందు ఆపాల్సింది మీథేన్‌నే. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే, అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. గాలిలో ఉండేది మాత్రం సుమారు పన్నెండేళ్లే. కాబట్టి ఇవాళ ఆపితే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది.

ఇలాంటి లీకులు కనబడగానే ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం హెచ్చరికలు పంపుతోంది. రెండేళ్లలో ప్రభుత్వాలకు, కంపెనీలకు 1,200 వెళ్లాయని, ఒక్క శాతానికే బదులొచ్చిందని 2024లో ఆ విభాగమే చెప్పింది. ఇది నాకు మింగుడుపడని విషయం. చోటు, తేదీ, పరిమాణం అన్నీ చేతికి అందిస్తున్నారు. చాలాచోట్ల చేయాల్సింది వాల్వు బాగుచేయడం, మిగులు గ్యాస్‌ను కాల్చేసే మంట ఆరిపోతే మళ్లీ వెలిగించడం, అంతే.