సగం ప్రశ్నకు సగం జవాబే వస్తుంది

అందరికీ నమస్కారం.

ఉపశమన చికిత్స మీద, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి నొప్పిని, బాధను తగ్గించే సంరక్షణ మీద, నా పరిశోధన గురించి మాట్లాడమన్నప్పుడల్లా నాకు ఒక పెద్దాయన ఇచ్చిన జవాబు గుర్తుకొస్తుంది. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరింది. సున్నా నుంచి పది దాకా లెక్క వేస్తే నొప్పి ఎంత ఉందని అడిగాను. "మూడు" అన్నారు. మా లెక్కలో మూడు అంటే తక్కువే. రాసుకుని తరవాతి ప్రశ్నకు వెళ్లబోతూ, ఎందుకో ఆగి, "రాత్రి నిద్ర పట్టిందాండీ?" అన్నాను.

"పడుకుంటే కదమ్మా నిద్ర పట్టేది! పది రోజులుగా కుర్చీలోనే తెల్లవారుతోంది. నడుం వాలిస్తే ప్రాణం పోతుంది. మీరు అడిగినప్పుడు కూర్చునే ఉన్నాను, అందుకే మూడన్నాను."

ఆయన జవాబులో తప్పు లేదు. నేను అడిగింది సగం ప్రశ్న. ఆ రోజు నుంచి అంకె ఒక్కటే రాసుకోవడం మానేశాను. ఆ నొప్పి వల్ల ఏ పని ఆగిపోయిందో కూడా అడుగుతాను.

ఉపశమన చికిత్స అనగానే, ఇక చేయగలిగింది ఏమీ లేదని డాక్టర్లు చేతులెత్తేశాక ఇచ్చేది అనుకుంటారు. ఈ అపోహ చాలామందికి తీరని అన్యాయం చేస్తోంది. జబ్బు బయటపడిన నాటి నుంచే, అసలు చికిత్సతో పాటే దీన్ని మొదలుపెట్టవచ్చు. క్యాన్సర్‌కే పరిమితం కూడా కాదు. గుండె, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, మతిమరుపు జబ్బుతో ఉన్నవారికి, పిల్లలకు కూడా ఇది అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఈ సంరక్షణ కావాలి. అందుతున్నది దాదాపు 14 శాతం మందికే.

2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనాన్ని నేను ఎక్కడికి వెళ్లినా ప్రస్తావిస్తాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 151 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స, రెండో జట్టుకు దానితో పాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స. రెండో జట్టువారిలో జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, కుంగుబాటు తగ్గింది, చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సల పాలైనవారూ తక్కువే. అయినా వారి మధ్యస్థ జీవితకాలం, అంటే జట్టులో సగం మంది దాటి బతికిన కాలం, 11.6 నెలలు, మొదటి జట్టువారిది 8.9 నెలలు. ఉపశమన చికిత్సకు ఒప్పుకుంటే ఆయుష్షు తగ్గుతుందేమోనని భయపడే కుటుంబాలకు ఈ ఫలితం తెలియాలి.

రోగి మాటకు ఎంత విలువ ఉందో చూపినది 2017లో ఫలితాలు వచ్చిన మరో అధ్యయనం. కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందిలో కొందరు తమ లక్షణాలను తామే కంప్యూటర్‌లో నమోదు చేశారు. బాధ పెరిగితే నర్సుకు సందేశం వెళ్లేది. అలా నమోదు చేసినవారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మిగతావారిది 26 నెలలు. కొత్త మందేదీ ఇవ్వలేదు. బాధను సమయానికి చెప్పే దారి, విన్నవెంటనే కదిలే మనిషి, ఈ రెండూ ఉన్నాయి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు సంగతి కూడా చెప్పాలి. వ్యసనమవుతుందన్న భయం గురించి అందరూ మాట్లాడతారు. కానీ మాత్ర మింగేవారిని అడిగితే చాలాసార్లు బయటపడేది మలబద్ధకం. అది చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా తమంతట తామే మాత్రలు తగ్గించేస్తారు. నొప్పి తిరగబెడుతుంది. మందు పనిచేయడం లేదని డాక్టరు అనుకుంటారు. మార్ఫిన్‌తో పాటే విరేచనం సాఫీగా అయ్యే మందు రాసి, తరవాత దాని గురించి అడిగితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే జీవిత చివరి దశలో ఉన్నవారిని చూసుకునే కేంద్రాన్ని, స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరవాత ఆసుపత్రిలో రోగుల సామాజిక అవసరాలు చూసే ఉద్యోగి, ఆపైన డాక్టరు. శరీరం, మనసు, కుటుంబ సంబంధాలు, జీవితానికి అర్థమేమిటన్న వెతుకులాట, ఇవన్నీ కలిసిన బాధను ఆమె 'సంపూర్ణ వేదన' అన్నారు. ఇంటి అప్పు తీరలేదన్న దిగులు కూడా రాత్రివేళ నొప్పిగానే సలుపుతుంది. మందు మోతాదు పెంచితే అది తగ్గదు.

మా పనిలో అన్నిటికన్నా కష్టం రోగి గొంతు వినడం. ప్రశ్న రోగిని అడుగుతాం, జవాబు కొడుకో కూతురో చెబుతారు. అది ప్రేమే, కాదనను. కానీ "నాన్నకు బాగానే ఉంది" అన్న మాట పక్కన నాన్న ముఖం చూడండి. అందుకే ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాను. నాన్నను కొడుకు, కొడుకును నాన్న కాపాడుకుంటూ, ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు మోస్తుంటారు.

ఆ పెద్దాయన గురించి చెప్పి ముగిస్తాను. ఆయన కుర్చీ సంగతి డాక్టరుకు చేరింది, మందు మారింది. మరుసటి వారం వెళ్లి, ఈసారి అంకె అడగకుండా, రాత్రి ఎక్కడ పడుకున్నారని అడిగాను. "మంచం మీదే, ఎడమ పక్కకు తిరిగి" అన్నారు.