టెర్రీ షైవో పేరున వచ్చిన డబ్బు ఎటు పోయింది?

[తెరపై: 7,50,000 డాలర్లు]

నమస్కారం. ఈ అంకె ఒకసారి చూడండి. ఏడున్నర లక్షల డాలర్లు. స్పృహ లేకుండా మంచాన పడి ఉన్న ఒక యువతి వైద్యం కోసం ఆమె పేరున జమ అయిన సొమ్ము ఇది. ఈ డబ్బు కోసమే భర్త ఆమెను చంపించాలని చూస్తున్నాడని అమెరికాలో చాలామంది ఏళ్ళ తరబడి నమ్మారు. ఆ సొమ్ము చివరికి ఏమైందో కోర్టు కాగితాల్లో ఉంది. అందరి కళ్ళూ భర్త మీదే ఉన్న రోజుల్లో అవతలి పక్క ఇంకో బేరం కూడా జరిగింది. ఈ వీడియోలో రెండూ చెబుతాను.

[తెరపై: ఫ్లోరిడా మ్యాప్, సెయింట్ పీటర్స్‌బర్గ్]

1990 ఫిబ్రవరి 25 తెల్లవారుజామున టెర్రీ షైవో ఇంట్లో కుప్పకూలింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. గుండె ఆగింది, మెదడుకు ఆక్సిజన్ అందలేదు. ప్రాణం దక్కింది కానీ స్పృహ తిరిగి రాలేదు. అప్పటి నుంచి పొట్టకు అమర్చిన ట్యూబ్ ద్వారానే ఆహారం.

పిల్లలు పుట్టడం కోసం చూపించుకుంటున్న డాక్టర్లు ఆమె తిండి అలవాట్లలోని సమస్యను కనిపెట్టలేదని భర్త మైకేల్ దావా వేశాడు. 1992లో గెలిచాడు. కోతలన్నీ పోగా టెర్రీ వైద్యానికి సుమారు ఏడున్నర లక్షల డాలర్లు, భార్య సాహచర్యం కోల్పోయినందుకు మైకేల్‌కు విడిగా సుమారు మూడు లక్షల డాలర్లు వచ్చాయి. జీవితాంతం భార్యను చూసుకుంటానని అతను జ్యూరీ ముందు చెప్పాడు. ఆ మాటను తర్వాత అతని మీద వేలసార్లు విసిరారు.

అప్పటిదాకా అల్లుడూ అత్తమామలూ కలిసే ఆమెకు సేవ చేశారు. డబ్బు వచ్చిన కొద్ది కాలానికే, 1993 ఫిబ్రవరి 14న, టెర్రీని ఉంచిన సంరక్షణ కేంద్రంలో గొడవ. కూతురి చికిత్సకు డబ్బు ఖర్చు పెట్టనంటున్నాడని రాబర్ట్, మేరీ షిండ్లర్ల ఆరోపణ. మామ తన పరిహారంలో వాటా అడిగాడన్నది మైకేల్ మాట. ఆ రోజుతో మాటలు తెగిపోయాయి. మనవైపు కూడా యాక్సిడెంట్ క్లెయిమ్ డబ్బు చేతికందిన ఏడాదికే వియ్యంకులు పలకరింపులు మానేసిన ఇళ్ళు మీకు తెలిసే ఉంటాయి.

1998లో మైకేల్ ఫీడింగ్ ట్యూబ్ తీసేయడానికి అనుమతి అడిగాడు. ఇలా బతకడం తనకు ఇష్టం లేదని టెర్రీ గతంలో అన్నదని అతని వాదన. ఇక్కడే అసలు చిక్కు. కోర్టు నియమించిన ప్రతినిధి తన నివేదికలో సూటిగా రాశాడు: భర్తగా ఉండగా ఆమె చనిపోతే మిగిలిన డబ్బు మైకేల్‌కే వస్తుంది.

న్యాయమే. ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ 2000 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చిన జడ్జి జార్జ్ గ్రీర్ రెండోవైపు కూడా చూశాడు. అల్లుడు విడాకులిచ్చి పక్కకు తప్పుకుంటే తాము గార్డియన్లు కావాలన్నది తల్లిదండ్రుల ఆశ. అప్పుడు వారసులు కూడా వాళ్ళే అవుతారు. డబ్బు నీడ ఈ కేసు మొత్తం మీద పడిందని, రెండు పక్షాలకూ స్వార్థం ఉండే వీలుందని ఆయన తీర్పులోనే రాశాడు.

టీవీల్లో దాదాపు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మైకేల్ ఆ నిర్ణయం తనంతట తాను తీసుకోలేదు. సాక్ష్యాలు విని టెర్రీ ఏం కోరుకునేదో మీరే తేల్చండని కోర్టును అడిగాడు. పై కోర్టు కూడా దీన్ని గుర్తించింది. నా దృష్టిలో ఈ కేసులో జరిగిన అత్యంత సరైన పని ఇదే. మనిషి పోతే లాభపడేవాడు ఆ మనిషి ప్రాణం గురించి ఒంటరిగా తేల్చకూడదు.

[తెరపై: ట్రస్ట్ లెక్క]

ఇక ఆ డబ్బు సంగతి. అది మైకేల్ జేబులో లేదు. కోర్టు పర్యవేక్షణలో, స్వతంత్ర ట్రస్టీ చేతిలో ఉంది. 2003లో కోర్టు నియమించిన ప్రొఫెసర్ జే వుల్ఫ్‌సన్ కాగితాలన్నీ తిరగేసి, లెక్కలు పద్ధతిగా ఉన్నాయని, ఖర్చు మీద మైకేల్‌కు అధికారం లేదని, దుర్వినియోగానికి ఆధారం లేదని రాశాడు. వైద్యానికి పోయింది పోగా పెద్ద భాగం లాయర్ ఫీజులకు పోయింది. 2005 నాటికి మిగిలింది 50 వేల డాలర్ల లోపే. ఆ ఏడాది మార్చిలో ఒక వ్యాపారి, గార్డియన్ హక్కు వదులుకుంటే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. మైకేల్ వద్దన్నాడు. డబ్బు మనిషి ఆ బేరం కాదంటాడా?

మధ్యలో జరిగిన రాజకీయం అందరికీ తెలిసిందే. 2003లో ట్యూబ్ తీశాక ఫ్లోరిడా శాసనసభ ఆరు రోజుల్లో చట్టం చేసి మళ్ళీ పెట్టించింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2005 మార్చి 18న చివరిసారి తీశారు. ఆమె కేసును ఫెడరల్ కోర్టులు వినేలా అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, రాత్రికి రాత్రి బిల్లు పాస్ చేస్తే, టెక్సస్ నుంచి విమానంలో వచ్చి మరీ అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టాడు. కోర్టులు మాత్రం కదల్లేదు. మార్చి 31న టెర్రీ చనిపోయింది.

[తెరపై: 2005 మార్చి 29]

దానికి రెండు రోజుల ముందు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వార్త వచ్చింది. టెర్రీని బతికించడానికి చందాలు పంపినవాళ్ళ పేర్లు, ఈమెయిళ్ళు ఒక డైరెక్ట్ మెయిల్ కంపెనీ, అంటే ప్రచార ఉత్తరాలు, ఈమెయిళ్ళు పంపే సంస్థ, అద్దెకు ఇస్తోంది. సుమారు 6,000 పేర్లకు నెలకు 150 డాలర్లు. 4,000 ఈమెయిల్ చిరునామాలకు 500 డాలర్లు. కుటుంబం తరఫున చందాల కోసం ఈమెయిళ్ళు పంపినందుకు ప్రతిగా ఈ ఒప్పందానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

షిండ్లర్ల ప్రేమను నేను శంకించను. లాయర్ల ఖర్చు తరుముతుంటే, కూతురు కళ్ళముందే పోతుంటే, ఎవరేం కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టేస్తాం. కానీ ఆ దాతలు పంపింది ఒక అమ్మాయి కోసం. వాళ్ళ జాలి ఇంకెవరికో అమ్ముడయ్యే సరుకవుతుందని వాళ్ళకు తెలియదు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తర్వాత రెండు వైపులా పుస్తకాలు వచ్చాయి, రెండూ 2006 మార్చిలోనే. నాకు అందులో తప్పు కనబడదు. తమ కథ తాము చెప్పుకునే హక్కు వాళ్ళకుంది, కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుసు. ఆమె పేరుతో కుటుంబం నడిపిన ఫౌండేషన్ మీద మాత్రం 2010లో ఒక స్థానిక టీవీ చానెల్ కథనం ఇచ్చింది. 2008 ఆదాయంలో సగానికి పైగా కుటుంబసభ్యుల జీతాలకే వెళ్ళిందని పన్ను పత్రాలు చూపించింది. పని చేశాం, జీతం తీసుకున్నామని కుటుంబం అంది. అది చట్టబద్ధమే. అయినా చందా ఇచ్చేవాడికి ఆ సంగతి ముందే కనబడేలా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

[తెరపై: సుప్రీంకోర్టు, న్యూఢిల్లీ]

ఈ భయం మన సుప్రీంకోర్టుకూ ఉంది. ఏళ్ళ తరబడి స్పృహ లేకుండా పడి ఉన్న ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో, 2011లో, ఆస్తి కోసం బంధువులు డాక్టర్లతో కుమ్మక్కై పత్రాలు సృష్టించే ప్రమాదం ఉందని చెప్పి, ఇలాంటి రోగికి ప్రాణాధార చికిత్స ఆపాలంటే హైకోర్టు అనుమతి ఉండాలంది. 2018లో కామన్ కాజ్ తీర్పు లివింగ్ విల్‌ను, అంటే మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని, గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చాలు. ఆ తర్వాత చికిత్స ఆపే సమయం వస్తే ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. మీ తరఫున మాట్లాడే వాళ్ళుగా ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. రాసేటప్పుడు ఆ పేర్లలో ఒక్కరైనా మీ ఆస్తిలో వాటా లేనివాళ్ళు ఉండేలా చూసుకోండి. స్నేహితుడైనా సరే, ఏళ్ళుగా మిమ్మల్ని చూస్తున్న డాక్టరైనా సరే.