ఆ గది తలుపు ఎందుకు మూసి ఉంచాలి?

యాంకర్: లైన్లో ఒక అక్క ఉన్నారు. చెప్పండమ్మా, డాక్టర్ గారు వింటున్నారు.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా తమ్ముడికి బోన్ మ్యారో, అదే ఎముకల్లోని మూలుగ, మార్పిడి జరిగి తొమ్మిది రోజులైంది. ఒక్కణ్ణే ఐసొలేషన్ గదిలో పెట్టారు. వాడికేదో అంటురోగం వచ్చింది, మా దగ్గర దాస్తున్నారని ఒకటే టెన్షన్.

డాక్టర్: లేదమ్మా, ఆ భయం వదిలేయండి. అతని నుంచి మనకు రాకుండా కాదు, మన నుంచి అతనికి రాకుండా పెట్టిన గది అది. మార్పిడికి ముందు ఇచ్చిన కీమోతో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. రిపోర్టులో ఏఎన్‌సీ, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లెక్క, ఎంతుంది?

కాలర్: నిన్న 100 అన్నారండి.

డాక్టర్: 500 కంటే తగ్గితే ప్రమాదం బాగా ఎక్కువ అంటాం. మనం రోజూ పీల్చే బూజు కణాలు మనల్ని ఏమీ చేయవు, అతని ఊపిరితిత్తుల్లో మాత్రం నాటుకుపోగలవు.

కాలర్: వాడేమో “అక్కా, కాస్త తలుపు తీసి ఉంచు, ఊపిరాడట్లేదు” అంటాడు. నిన్న కాసేపు తీశాను కూడా...

డాక్టర్: ఇక తీయకండమ్మా. గంటకు కనీసం 12 సార్లు ఆ గదిలో గాలి మారుతుంది, అదీ బూజు కణాల్లాంటి అతి సన్నని వాటిని కూడా ఆపే హెపా ఫిల్టర్లో వడకట్టాకే. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంచుతారు. మూసిన తలుపు కింది సందు దగ్గర బయట టిష్యూ ముక్క పట్టుకోండి, మీ వైపే రెపరెపలాడుతుంది. గాలి బయటికే పోవాలి, లోపలికి రాకూడదు. తలుపు తీసి ఉంచితే ఆ ఒత్తిడి పోతుంది. టీబీ, తట్టు ఉన్నవాళ్ల గదిలో ఇదంతా తలకిందులు, గాలి లోపలికే పోవాలి.

కాలర్: అయితే గదిలో ఉంటే ఇన్ఫెక్షన్ రాదా అండీ?

డాక్టర్: రాదని చెప్పలేను. చాలా ఇన్ఫెక్షన్లు రోగి పేగుల్లోని, నోట్లోని, చర్మం మీది బ్యాక్టీరియా నుంచే వస్తాయి. సెంట్రల్ లైన్, అంటే మందుల కోసం పెద్ద రక్తనాళంలో పెట్టిన సన్నని గొట్టం, దాని దగ్గర కూడా జాగ్రత్త. అందుకే నాకు గదికంటే మీ చేతుల మీదే పట్టింపు ఎక్కువ. గాజులు, ఉంగరాలు తీసి, గోళ్ల సందుల్లో కూడా రుద్ది కడగండి. పూలు, కుండీలు వద్దు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, తగిలిందంటే అర్ధరాత్రయినా సిస్టర్‌ని పిలవండి, మీరుగా మాత్ర వేయకండి.

కాలర్: నాకు జలుబు లేదండి. లోపలికి వెళ్లొచ్చా?

డాక్టర్: వాళ్లు ఒప్పుకుంటే తప్పకుండా వెళ్లండి. ఒంటరితనంతో అన్నం మానేసినవాళ్లని చూశాను. కూర్చుని మాట్లాడండి, రోజూ ఏఎన్‌సీ కౌంట్ ఎంతొచ్చిందో అతనితోనే కాగితం మీద రాయించండి. వరసగా మూడు రోజులు 500 దాటితే కొత్త మూలుగ పట్టుకున్నట్టే.

కాలర్: ఇవాళే కాగితం తీసుకెళ్తానండి.

డాక్టర్: కొత్త కాగితమే తీసుకెళ్లండి. సిస్టర్‌కి చూపించి, లోపలికి ఇవ్వొచ్చంటేనే ఇవ్వండి.