కాపలా అక్కర్లేని అసమానత

శ్రోతలకు నమస్కారం.

ఏ సమాజాన్ని తీసుకున్నా పైన కొద్దిమంది, కింద చాలామంది కనిపిస్తారు. ఇది తెలుసుకోవడానికి ప్రత్యేకంగా ఒక శాస్త్రం అక్కర్లేదు, కళ్లుంటే చాలు. సమాజశాస్త్రం అడిగే ప్రశ్న వేరు. కింద ఉన్నవాళ్లే ఎక్కువమంది కదా, మరి ఈ అమరిక పడిపోకుండా ఎలా నిలబడుతోంది? ప్రతి గుమ్మానికీ ఒక పోలీసును పెట్టలేరు. చాలాచోట్ల పెట్టాల్సిన అవసరమే రావడం లేదు. ఎందుకు రావడం లేదన్నదే ఈరోజు నేను మాట్లాడబోయే విషయం.

దీనికి చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. తెలివైనవాడికి, కష్టపడేవాడికి ఎక్కువ దక్కుతుంది, అందులో తప్పేముంది అంటారు. ఈ మాటను సిద్ధాంతంగా మలిచినవాళ్లు కింగ్‌స్లీ డేవిస్, విల్బర్ట్ మూర్ అనే ఇద్దరు అమెరికన్లు. 1945లో వాళ్లు రాసిన చిన్న వ్యాసం మీద దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. వాళ్లు చెప్పింది ఇది. సమాజంలో కొన్ని పనులు మిగతావాటికంటే ముఖ్యమైనవి. వాటికి ఏళ్ల తరబడి చదువు, శిక్షణ కావాలి. అంత కష్టానికి తగిన ప్రతిఫలం చూపించకపోతే సమర్థులు ఆ పనుల వైపు రారు. అందుకే కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ఎవరూ కూర్చుని పథకం వెయ్యకపోయినా, ప్రతి సమాజమూ తన అవసరం కొద్దీ చేసుకున్న ఏర్పాటే అసమానత అని వాళ్ల వాదన.

వినడానికి బాగానే ఉంటుంది. ఎనిమిదేళ్ల తర్వాత మెల్విన్ ట్యూమిన్ అనే మరో సమాజశాస్త్రవేత్త దీన్ని ఒక్కొక్క ముక్కా విడదీసి చూశాడు. ఏ పని ముఖ్యమో తేల్చేది ఎవరు? ఫ్యాక్టరీలో ఇంజినీర్లు లేకపోతే పని ఆగిపోతుంది, నిజమే. మామూలు కార్మికులంతా లేకపోయినా ఆగిపోతుంది కదా. ఇక శిక్షణ కోసం చేసే త్యాగం సంగతి. ఆ ఖర్చు ఎక్కువగా భరించేది తల్లిదండ్రులు. ఆ తల్లిదండ్రులకు ఆ స్తోమత ఎక్కడినుంచి వచ్చింది? అంతకుముందు తరంలో ఉన్న అసమానత నుంచే. కింది మెట్టు మీద పుట్టిన పిల్లల్లో ఎంత ప్రతిభ ఉందో చూసే అవకాశమే ఎవరికీ రాదు. అంటే ప్రతిభను వెతికిపట్టడానికే ఉందని చెప్పిన ఏర్పాటు, నిజానికి ప్రతిభ బయటపడకుండా అడ్డం పడుతోందన్నమాట.

నాకు ట్యూమిన్ వాదనే బలంగా కనిపిస్తుంది. 2020లో ప్రపంచమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకున్నప్పుడు, ప్రభుత్వాలు తప్పనిసరిగా పనిలో ఉండాల్సినవాళ్ల జాబితాలు ప్రకటించాయి గుర్తుందా? డాక్టర్లతో పాటు చెత్త ఎత్తేవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు, ఆసుపత్రి గదులు తుడిచేవాళ్లు అందులో ఉన్నారు. వీళ్లలో చాలామంది జీతాల పట్టికలో అట్టడుగున ఉండేవాళ్లే. ఒక పని ఎంత ముఖ్యమో దాని జీతమే చెబుతుందని ఇప్పటికీ వాదించేవాళ్లు ఈ జాబితాలను ఒకసారి తిరగేస్తే మంచిది.

మార్క్స్ చెప్పింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయి, శ్రమ ఎవరిది, మిగులు ఎవరికి పోతోంది అన్నది ఆయన ప్రశ్న. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీనికి రెండు విషయాలు చేర్చాడు. డబ్బొక్కటే కాదు, నలుగురిలో గౌరవం, పార్టీలుగా సంఘాలుగా కూడగట్టుకునే బలం కూడా మనుషుల్ని పైనా కిందా నిలబెడతాయన్నాడు. మన ప్రశ్నకు వెబర్ ఇంకో రకంగానూ పనికొస్తాడు. భయంతో లొంగడం వేరు, చెప్పేవాడికి చెప్పే హక్కుందని నమ్మి వినడం వేరు అంటాడాయన. తాతల కాలం నుంచి వస్తున్న ఆచారమని నమ్మవచ్చు, నాయకుడిలో ఏదో మహత్తు ఉందని నమ్మవచ్చు, రూల్ ప్రకారం జరుగుతోందని నమ్మవచ్చు. ఆధునిక ఆఫీసులన్నీ నడిచేది ఈ మూడో నమ్మకం మీదే. "రూల్స్ ఒప్పుకోవండీ" అన్న తర్వాత ఎంత కోపిష్ఠి అయినా ఫైలు సంకలో పెట్టుకుని వెనక్కి తిరుగుతాడు.

ఇక అధికారం సంగతికి వద్దాం. అధికారం ఎవరి దగ్గరుందో కనుక్కోవడం ఎలా? 1957లో రాబర్ట్ డాల్ అనే రాజనీతి శాస్త్రవేత్త సూటిగా ఒక నిర్వచనం ఇచ్చాడు. మీరు మామూలుగా చెయ్యని పనిని నేను మీచేత చేయించగలిగితే, ఆ మేరకు మీమీద నాకు అధికారం ఉన్నట్టు. కాబట్టి తగాదా ఎక్కడ వచ్చిందో చూడండి, చివరికి ఎవరి మాట నెగ్గిందో లెక్కపెట్టండి అన్నాడు. ఐదేళ్లకే పీటర్ బాక్రక్, మోర్టన్ బారట్జ్ అడ్డం తిరిగారు. చర్చకు వచ్చిన విషయాలు లెక్కపెడితే సరిపోతుందా, అసలు కొన్ని విషయాలు చర్చకే రాకుండా చూసుకోవడం అంతకంటే పెద్ద అధికారం కాదా అని అడిగారు.

మంచి ప్రశ్న. కానీ రాని చర్చను పరిశోధించేదెలా? లేనిదాన్ని లెక్కపెట్టలేం కదా. మాథ్యూ క్రెన్సన్ అనే పరిశోధకుడు 1971లో దీనికో దారి చూపించాడు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఈస్ట్ చికాగో, గేరీ అని పక్కపక్కనే రెండు పట్టణాలున్నాయి. రెండూ ఉక్కు పట్టణాలే, రెండింటి మీదా కమ్ముకున్నది ఒకేరకం పొగ. ఈస్ట్ చికాగోలో వాయు కాలుష్యాన్ని అదుపు చేసే చట్టం 1949లో వచ్చింది. గేరీలో 1962 దాకా రాలేదు. పీల్చే పొగ ఒకటే అయినప్పుడు పదమూడేళ్ల తేడా ఎలా వచ్చింది?

ఈస్ట్ చికాగోలో కంపెనీలు చాలా ఉన్నాయి. గేరీ కథ అది కాదు. 1906లో ఆ ఊరిని కట్టించిందే ఒక ఉక్కు కంపెనీ, ఊరికి పెట్టింది కూడా ఆ కంపెనీ ఛైర్మన్ ఇంటిపేరే. అక్కడ కాలుష్యం మాట చాలాకాలం పైకి రాలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ మాటను అడ్డుకోవడానికి కంపెనీ చేసింది దాదాపు ఏమీ లేదు. బెదిరించలేదు, సభలకు వచ్చి వాదించలేదు. ఎవరైనా వెళ్లి అడిగితే కంపెనీ పెద్దలు సానుభూతిగా తల ఊపి, నిజమే, చాలా ఘోరంగా ఉంది అనేవారట. అంతే, ఆ తర్వాత ఏమీ జరిగేది కాదు. వాళ్లు కాదని ఎదురు తిరిగి ఉంటే పోట్లాడైనా ఏదో సాధించేవాళ్లమని అక్కడి కార్యకర్త ఒకరు వాపోయారు. కంపెనీకి కోపం వస్తే ఏమవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తెలియడమే చాలింది. తన బలాన్ని వాడాల్సిన పనే పడని బలం ఇది.

స్టీవెన్ ల్యూక్స్ అనే బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త 1974లో దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లాడు. ఫిర్యాదు చేద్దామనుకుని భయపడి ఊరుకోవడం ఒకటి. ఫిర్యాదు చేయాల్సినంత అన్యాయం జరుగుతోందని అసలు తోచకపోవడం మరొకటి. మనిషి ఏం కోరుకోవాలో కూడా పైవాళ్లే నిర్ణయించగలిగితే, అంతకు మించిన అధికారం లేదని ఆయన వాదన.

అలాంటి అధికారం మనిషి లోపలికి ఎలా చేరుతుంది? ఫ్రాన్స్‌కు చెందిన సమాజశాస్త్రవేత్త పియర్ బూర్ద్యూ ఇందుకు బడిని చూపించాడు. 1964లో, మళ్లీ 1970లో జాన్-క్లోద్ పాస్రోన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకాల సారం ఇది. బడి అందరికీ ఒకే పాఠం చెబుతుంది, ఒకే పరీక్ష పెడుతుంది. కానీ మార్కులు వేసేటప్పుడు తాను నేర్పనివాటిని కూడా పిల్లల్లో వెతుకుతుంది. తడుముకోకుండా మాట్లాడటం, పుస్తకాల భాష, పెద్దల ముందు బెరుకు లేకుండా నిలబడటం, ఏది మెచ్చుకోవాలో ఎక్కడ నవ్వాలో తెలియడం. ఇవన్నీ కొందరు పిల్లలకు ఇంట్లోనే అబ్బుతాయి. బూర్ద్యూ దీన్ని సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. డబ్బు ఆస్తిగా వస్తే వారసత్వమని అందరికీ తెలుస్తుంది. ఈ ఆస్తి మాత్రం తెలివితేటల వేషంలో వస్తుంది. టీచరు పక్షపాతం లేకుండానే మార్కులు వేస్తాడు, తాను న్యాయంగా ఉన్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు కూడా. వెనకబడిన పిల్లవాడేమో "నాకు చదువు రాదు" అనుకుంటూ ఇంటికి వెళతాడు. ఓడినవాడే తన ఓటమికి సంతకం పెట్టినట్టు. ఇక కాపలా ఎందుకు?

ఇక్కడిదాకా చెప్పినదంతా పైకి, కిందికి మధ్య వ్యవహారం. కిందివాళ్లలో వాళ్లకు వాళ్ల మధ్య జరిగేది కూడా చూడాలి. అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డూబోయిస్ 1935లో, అంతర్యుద్ధం తర్వాతి దక్షిణాది రాష్ట్రాల గురించి రాస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. తెల్ల కార్మికుడికి వచ్చే కూలీ తక్కువే. కానీ దానికి పైన చేతికి కనపడని మరో కూలీ ముట్టేది. నలుగురిలో మర్యాద, మంచి బడులు, పార్కుల్లోకి ప్రవేశం, తనవాళ్లే పోలీసులు కావడం. ఆ కూలీ పోగొట్టుకోవడం ఇష్టం లేక నల్ల కార్మికుడితో చేతులు కలపలేకపోయాడు. ఆ మరుసటి ఏడాదే అంబేడ్కర్ కులనిర్మూలన గురించి రాస్తూ దాదాపు ఇదే సూత్రం చెప్పాడు. ప్రతి కులమూ తనకంటే కింద ఇంకొకటి ఉందన్న గర్వంతో, ఓదార్పుతో బతుకుతుంది. అందరూ ఒకేలా నష్టపోతే అందరూ ఒక్కటవుతారు. అంచెలంచెలుగా నష్టపోతే ప్రతివాడికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. 1946లో అంబేడ్కర్ డూబోయిస్‌కు ఉత్తరం రాశాడు, ఆయన జవాబూ ఇచ్చాడు. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి చూపూ ఒకే చోట పడటం యాదృచ్ఛికం అనుకోను.

అయితే ల్యూక్స్, బూర్ద్యూల విషయంలో నాకో అనుమానం ఉంది. కింద ఉన్నవాళ్లు నిజంగానే అంతా నమ్మేస్తున్నారా? జేమ్స్ స్కాట్ అనే పరిశోధకుడు 1978 నుంచి 1980 దాకా మలేసియాలో ఒక వరి పండించే పల్లెలో ఉన్నాడు. కోత యంత్రాలు వచ్చి పేదల కూలి పనులు పోయిన రోజులవి. భూస్వాముల ఎదుట తలలు వంచినవాళ్లే, వాళ్లు లేనిచోట నవ్వుకోవడం, మారుపేర్లు పెట్టడం, పని నత్తనడక నడపడం, చిన్నచిన్న దొంగతనాలు ఆయన చూశాడు. వాళ్లు మోసపోలేదు, లెక్క వేసుకుని ఊరుకున్నారంతే.

స్కాట్ చెప్పింది నిజమైతే మరో చిక్కుముడి కూడా విడిపోతుంది. దశాబ్దాల పాటు చెక్కుచెదరకుండా కనిపించిన అధికారం రోజుల్లో ఎలా కూలుతుంది? 1989 డిసెంబర్ 21న బుకారెస్ట్‌లో రుమేనియా నియంత చౌషెస్కు ప్రసంగిస్తున్నాడు. చప్పట్లు కొట్టడానికి పిలిపించిన జనమే గేలి చేయడం మొదలుపెట్టారు, అది టీవీలో లైవ్‌లో వెళ్లిపోయింది. నాలుగు రోజులకు ఆయన్ని కాల్చి చంపారు. జనం అభిప్రాయం ఆ ఒక్క పూటలో మారలేదు. పక్కవాడి మనసులో కూడా ఇదే ఉందన్న సంగతి మాత్రం ఆ పూటే బయటపడింది.

ఆ తర్వాత గద్దెనెక్కిన ఇయోన్ ఇలియెస్కు కూడా ఒకప్పుడు చౌషెస్కు కమ్యూనిస్టు పార్టీలోనే పెద్ద పదవులు చేసినవాడే. సమానత్వం కోసం పుట్టిన సంస్థల్లో సైతం కొద్దిమందే పెత్తందార్లుగా ఎందుకు మిగులుతారని 1911లోనే రాబర్ట్ మిషెల్స్ జర్మనీ సోషలిస్టు పార్టీని పట్టుకుని పెద్ద పుస్తకమే రాశాడు. దాని సంగతి ఇంకో ప్రసంగానికి సరిపడా ఉంది. ఇప్పటికి సెలవు.