తలకు చోటు

అందరికీ నమస్కారం. పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలి గానీ నాకు ఇచ్చింది పది నిమిషాలే, మన్నించండి.

స్టీల్‌హెడ్ అంటే రెయిన్‌బో ట్రౌట్ చేపే. ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏరెక్కుతుంది. మన గోదావరి పులస లాగానే! మనముంటున్న ఈ వాషింగ్టన్‌కు ఇది రాష్ట్ర చేప. ఏరెక్కాక దానికి తిండి ధ్యాస తక్కువ. అందుకే దీనికోసం కట్టే ఫ్లై, అంటే కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి చేసే ఎర, అచ్చం పురుగులా ఉండనక్కర్లేదు. రంగు, కదలిక చాలు.

ఇదిగో, గ్రీన్ బట్ స్కంక్. ఒరెగాన్‌లోని నార్త్ అంప్‌క్వా ఏటి మీద పేరు పడ్డ ఫ్లై. పిల్లలూ, ముందుకు రండి, అక్కణ్ణుంచి కనబడదు. కొక్కేన్ని వైస్‌లో, అంటే ఈ పట్టుకొయ్యలో బిగించాను. ఎర్ర ఈకపోగులు తోక. దాని మొదట్లో ఆకుపచ్చ చెనిల్, అంటే నూగు దారం, రెండు చుట్లు. ఒళ్లంతా నల్ల చెనిల్, దాని మీద ఎడంగా వెండి జరీ. నల్ల కోడి ఈకను చుట్టూ తిప్పితే పోగులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. పైన తెల్ల వెంట్రుకల రెక్క.

చివర్లో దారంతో చుట్టే ఈ చిన్న తల దగ్గరే నేను ఓడిపోయేవాణ్ని. నేర్పింది మా పక్కింటి పెద్దాయన. నేను అన్నీ ముందుకు నెట్టేసి కట్టేవాణ్ని, తలకు చోటే మిగిలేది కాదు. ఆయన కోప్పడలేదు. బ్లేడుతో అంతా కోసేసి ఖాళీ కొక్కెం నా చేతిలో పెట్టాడు. "తలకు చోటు ఉంచు" అన్నాడు. అలా పదకొండుసార్లు! పన్నెండోది చూసి ఏమీ అనకుండా తన పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆ పెట్టెలో ఓ పాత ఈక ఉండేది, ఎనామెల్ చుక్క పెట్టినట్టు. జంగిల్ కాక్ అన్నాడు. అది మన దక్షిణాది అడవికోడి మెడ ఈకండీ! పాత సాల్మన్ ఫ్లైలకు అదే కన్ను. మన అడవికోడికి ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపలా ఉంది, మంచిదే.

ఎక్కడికో వెళ్లాను. నేను చెప్పాలనుకున్నది ఈ చేప గురించి. మన పక్కనే ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్, అందులో కలిసే ఏళ్ల స్టీల్‌హెడ్ 2007లో ముప్పున్న చేపల జాబితాకెక్కింది. ఏట్లో సహజంగా పుట్టినదాన్ని పట్టినా వదిలేయాల్సిందే. "మరి ఎందుకండీ ఈ ఫ్లైలు కట్టడం, షాపులో దొరకవా?" అని మనవాళ్లే అడుగుతారు. నాకు బాధేస్తుంది. తన చేత్తో ఫ్లై కట్టిన పిల్ల ఆ ఏట్లో నీళ్లెలా ఉన్నాయో అడుగుతుంది. చేపలు వచ్చాయా అని అడుగుతుంది. అలా అడిగేవాళ్లు కావాలి. ఆదివారాలు మా గరాజ్ తెరిచే ఉంటుంది, పిల్లల్ని పంపండి.

పెద్దాయన చివరి రెండేళ్లూ కొక్కెం మొన విరిచేసే ఏటికి వెళ్లేవాడు. చేప వచ్చి లాగితే చాలు, ఆ రోజుకు ఆయన ముఖం వెలిగిపోయేది. ఇది ఆయన కట్టిందే. గుచ్చుకోదు, భయం లేదు. చేతులు మార్చుకుంటూ వెనక వరుస దాకా పంపండి. తల ఎంత చిన్నగా ఉందో చూడండి.