దరఖాస్తులో లేని గడి

(ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళం జిల్లాలో జరిగిన పురస్కార సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇంత ఉక్కపోతలోనూ ఓపికగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, పొద్దున్నుంచి మొక్కలు మోసి అలసిపోయిన బడిపిల్లలకు నమస్కారం. పెద్దలను పేరుపేరునా సంబోధించమని నిర్వాహకులు చీటీ ఇచ్చారు. చీటీ పొడవుగా ఉంది, నాకిచ్చిన సమయం పొట్టిగా ఉంది. వారంతా నా మీద దయ ఉంచాలి.

నాకిచ్చిన అంశం ‘పర్యావరణ పరిరక్షణలో ప్రజల భాగస్వామ్యం’. వీలుంటే దాని దగ్గరికి వస్తాను. ముందుగా ఒక దరఖాస్తు సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఇలాంటి పురస్కారానికే ఎంపిక సంఘంలో నన్ను కూర్చోబెట్టారు. సంస్థ పేరు అడగకండి. దరఖాస్తులో గడులు ఇవి: నాటిన మొక్కల సంఖ్య, ఖర్చు చేసిన సొమ్ము, నిర్వహించిన కార్యక్రమాలు, జతపరచిన ఫొటోలు. నేను తేలినీలాపురం పేరు చెప్పాను. టెక్కలి పక్కనున్న ఆ ఊరు మీకు తెలియనిది కాదు. ఒక సభ్యుడు కళ్లజోడు సర్దుకుని, ‘మాస్టారూ, ఇంతకీ వాళ్లు చేసిన పని ఏమిటి?’ అని అడిగారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మొక్కల గడిలో సున్నా, సొమ్ము గడిలో సున్నా. వాళ్లు చేసిందల్లా చేయకుండా ఉండటమే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కడితే కొమ్మలు కొట్టలేదు. రాయి విసరలేదు, విసరబోయిన పిల్లల చెవులు మెలిపెట్టారు. నెలల తరబడి చెట్ల కింద రెట్ట, చేపల కంపు. మన ఇంటి ముందు ఒక్క వారం అలా ఉంటే ఏం చేస్తామో ఎవరికి వారు ఆలోచించుకోండి. అక్కడొక పెద్దమ్మను, ‘ఈ కంపు ఎలా భరిస్తున్నారమ్మా?’ అని అడిగితే, ‘పురిటికి వచ్చిన ఆడపిల్లను కంపని వెళ్లగొడతామా నాయనా?’ అంది. ఈ మాట ఏ గడిలో రాయమంటారు?

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఏటా పత్రికలు వాటిని సైబీరియా అతిథులని రాస్తాయి. గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే గూళ్లు కట్టుకుని బతికే పక్షులు. విదేశీ చిరునామా ఉంటే తప్ప మనకు గౌరవం పుట్టదు కాబోలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు వానలతో పాటు దిగుతాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఆ ఊరి నమ్మకం. నమ్మకం నిజమో కాదో నాకు అనవసరం, దాని నీడలో పక్షి బతుకుతోంది.

సరే, పేరు పక్కకు పోయింది. బహుమతి ఒకే రోజు రోడ్డు పొడవునా వెయ్యి మొక్కలు నాటినవారికి వెళ్లింది. ఆ మొక్కలు ఇప్పుడెక్కడున్నాయో మాత్రం నన్ను అడగకండి.

మొక్కలు నాటేవారి మీద నాకేదో కోపమని అనుకోవద్దు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు జీవితమంతా విత్తనాలు ఏరి, మొక్కలు నాటి ‘వనజీవి’ అన్నదే ఇంటిపేరు చేసుకున్నారు. పిచ్చివాడన్నారు జనం. 2017లో పద్మశ్రీ వచ్చాక అందరూ ఆయనకు చుట్టాలయ్యారు. ఆయన బతికున్నంతకాలం పక్కనే భార్య జానమ్మ గారు కూడా గుంతలు తవ్వారు. బిరుదు మాత్రం ఒక్కరి పేరునే వస్తుంది. బృందానికి గౌరవం ఇవ్వడం చేతకాదా అంటే, చేతనవుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ విత్తనాలను బూడిద కలిపి బుట్టల్లో దాచి, ఒకరికొకరు అప్పిచ్చుకుని నిలబెట్టాయి. ఎక్కువమంది దళిత మహిళలు. వారికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. న్యూయార్క్‌కు కనబడినవాళ్లు మన మండల కేంద్రానికి కనబడటానికి ఎంతకాలం పట్టిందో!

ఇప్పుడు అసలు విషయం. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను.

తేలినీలాపురం పక్షులు గూడు కట్టేది చింతచెట్టు మీద. మరి మేత? నౌపడా చిత్తడి నేలల్లో. ఆ చిత్తడిలోనే థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు కాకరాపల్లి చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు అడ్డం పడుకున్నారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. విద్యుత్ కేంద్రం కట్టడం మొదలుపెట్టారు గానీ పూర్తి చేయలేదు. అంతకు ముందు ఏడాది జూలై 14న సోంపేటలోనూ కాల్పులు జరిగాయి. అక్కడా థర్మల్ కేంద్రమే తలపెట్టారు, జనం పోరాడింది బీల కోసం. బీలంటే నీరు నిలిచే చిత్తడి నేల, బయటివారికి బురద. అక్కడివారికి వరి, చేప, పశువుల గడ్డి, బావిలో ఊట. ఆ జూలైలోనే పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. రైతులు చెప్పిందే చివరికి కాగితం మీదికి ఎక్కింది, మనుషులు పోయాక. బీల ఇంకా ఉంది. దాన్ని ఉంచినవారిలో చాలామంది ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగారు.

వెనక వరుసలో నవ్వుతున్న బాబూ, నిన్నే అడుగుతున్నాను. సోంపేట బీల ఎప్పుడైనా చూశావా? మాస్టార్లూ, పిల్లలను పార్కులకు తీసుకెళ్తారు కదా, ఒకసారి బీలకు తీసుకెళ్లండి.

ఇంకొకటి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊళ్లోని చెట్టూ చేమా, పశువూ పక్షీ, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులూ ఒక రిజిస్టరులో రాయాలి. మీ ఊరి కమిటీలో ఎవరెవరున్నారో తెలిసినవారు చేతులెత్తండి. ... సరే, దించండి. ఎత్తిన ఇద్దరూ పంచాయతీ కార్యదర్శులే.

అంశం దగ్గరికి రాలేకపోయాను, పోనివ్వండి. వచ్చే ఏటికి దరఖాస్తులు అచ్చు వేయించేముందు మూడు మార్పులు చేయండి. ‘మీ ఊరు దేన్ని పాడవకుండా ఆపింది, ఎన్నేళ్లుగా?’ అని ఒక గడి. ‘అందుకోసం ఏమి వదులుకున్నారు?’ అని రెండోది. మూడోది గడి కాదు, కొట్టివేత. చివరి పేజీలో ‘పోలీసు కేసులు ఉన్నవారు అనర్హులు’ అని ఒక నిబంధన ఉంది. అది ఉన్నంతకాలం బీల మనుషులు ఈ మెట్లు ఎక్కలేరు. మార్చిన నమూనా నేనే రాసి తెచ్చాను. కార్యదర్శి గారూ, ఇదిగో తీసుకోండి. అందిందని ఒక సంతకం కూడా పెట్టి ఇవ్వండి.